పొడుగు పేర్ల మాటలు

కార్ఖానా, సికింద్రాబాద్
15 నవంబరు 2025, శనివారం

చిరంజీవి ఇవాన్‌కు,

మీ వదిన మేబెల్ ప్రభువు పేరట దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వూ, ప్రిసిల్లా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. రోజూ ప్రార్థనలో మీ ఇద్దరి పేర్లూ మానకుండా తలుచుకుంటున్నాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం మర్యాద. కానీ చెయ్యి రావడం లేదు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. మెసేజ్ పెడితే చదివినట్టు నీలం గీతలు కనబడతాయి, జవాబు కనబడదు. అత్తయ్య సమాధి దగ్గర నుంచి నువ్వు వెళ్లిపోయిన రోజు మొదలు ఇదే వరస. అందుకని ఈసారి కాగితం మీద రాస్తున్నాను. మా చర్చిలో పియానో వాయించే క్యారల్ రేపు సాయంత్రం బండికి విశాఖ వస్తోంది. ఈ ఉత్తరం తన చేతికిచ్చి, నీ చేతిలోనే పెట్టమని చెబుతాను. ఒక మనిషి గుమ్మంలో నిలబడి ఇచ్చిన ఉత్తరాన్ని నువ్వు చదవకుండా పక్కన పెట్టవని నా నమ్మకం.

ముందు అసలు సంగతి. మీ అన్నయ్య గొంతు బొంగురు పోయిందని వేసవి నుంచీ అనుకుంటూనే ఉన్నాం. మిరియాల కషాయం తాగారు, ఆవిరి పట్టారు, చర్చిలో పాటలు మానేశారు. తగ్గలేదు. చివరికి ఆసుపత్రిలో గొట్టం వేసి చూసి, స్వరపేటిక మీద గడ్డ ఉందనీ, అది మంచి గడ్డ కాదనీ చెప్పారు. వచ్చే గురువారం ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ప్రాణానికి భయం లేదని డాక్టరు గారు గట్టిగానే చెప్పారు. కానీ మాట ఉండదు. గురువారం తర్వాత మీ అన్నయ్య గొంతు ఇంక మనకు వినబడదు.

అక్కడ మాటల వైద్యం చూసే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. ఆయన రోజూ అనే మాటలన్నీ ముందుగానే ఆయన చేత చెప్పించి రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత ఫోన్‌లో బటన్ నొక్కగానే ఆ మాట ఆయన గొంతుతోనే పలుకుతుందట. మా జెరూషా వెంటనే, ఆ యాప్ నేనే తయారు చేస్తాను, నాన్న మాటలు బయటివాళ్ల చేతిలో పెట్టను అంది. ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటోంది. రికార్డింగు నా వంతు, యాప్ తన వంతు.

నా పద్ధతి నీకు తెలుసు కదా. డబ్బా మీద ఏ పప్పో, ఎప్పుడు కొన్నదో చీటీ రాసి అంటించనిదే అలమరలో పెట్టను. వదిన ఏదో ఒకరోజు అన్నయ్య నుదుటి మీద కూడా చీటీ అంటిస్తుంది అని నవ్వినవాడివి నువ్వే. ఆ పద్ధతిలోనే, ప్రతి రికార్డింగుకీ ఆయన అన్న వాక్యం మొత్తాన్నీ తెలుగులో టైపు చేసి, దాన్నే ఫైలు పేరుగా పెట్టాను. తెరిచి వినక్కర్లేదు. పేరు చదివితే లోపలి మాట తెలిసిపోవాలి. ఆ పొడుగు పేర్లే మా మీద పడతాయని అప్పుడు తెలియదు.

మొదటి విడతలో అవసరపు మాటలు చెప్పించాను. నీళ్లు కావాలి. నొప్పిగా ఉంది. దిండు సరిచెయ్యి. ఫ్యాన్ తగ్గించు. అవన్నీ యాప్‌లో పెట్టి జెరూషా ఆయన ఫోన్‌లో వేసింది, చక్కగా పలికాయి. ఆయన అన్నీ విని, ఏంటర్రా ఇది, ఆపరేషన్ అయ్యాక నేను అడుక్కోవడం తప్ప ఏమీ చెయ్యనా, నన్ను కాస్త తిట్టుకోనివ్వండి, మా ఆవిణ్ణి తిట్టకుండా నాకు అన్నం ఎలా సహిస్తుంది అన్నారు. అక్కణ్ణుంచి రెండో విడత మొదలైంది.

ఆ విడత మాటలు వింటే నవ్వొస్తుంది, నవ్వుతుండగానే గుండె జారుతుంది. మేబెలూ నేను చెప్పేది విను, రసమంటే వేడినీళ్లకి చింతపండు దూరం నుంచి చూపించి తీసెయ్యడం కాదు, అనేది ఒకటి. మేబెలూ నేను చెప్పేది విను, పెళ్లయినప్పటి నుంచీ నువ్వు చెప్పిందే వింటున్నాను, ఒక్కసారి నాకూ వంతు రానీ, అనేది ఇంకొకటి. జెరూషమ్మా, ఆ బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది, పరుగెత్తి ఎక్కకు, నువ్వొచ్చేదాకా నాన్న తలుపు దగ్గరే ఉంటాడు, అనేది మరొకటి. ఒకదాన్లో మా పనిమనిషి లచ్చమ్మ గొంతు కూడా పడింది. ఆయన రికార్డింగులో ఉండగా తలుపు తోసుకొచ్చి, అమ్మా గీ గిన్నెలు ఏడ బోర్లించాలె అంది. అది తీసేసి మళ్ళీ చెప్పించబోతే ఆయన ఒప్పుకోలేదు. ఉండనీ, లచ్చమ్మ అడ్డం రాకుండా ఈ ఇంట్లో నేను ఏ మాటైనా పూర్తి చేశానా అన్నారు. లచ్చమ్మకి మాత్రం ఈ పనే నచ్చలేదు. సారు మంచిగ మాట్లాడుతుండంగనే మాటల్ని డబ్బాల పెట్టుడేందమ్మా, నాకైతే జెర భయమైతుంది అంది. నాకూ అదే భయం, కానీ పైకి అనలేదు.

ఇప్పుడు నిన్న జరిగింది చెప్తాను. జెరూషా పనిచేసేది మా ఇంట్లోని విండోస్ ల్యాప్‌టాప్ మీద. కానీ ఫోన్‌లో వేసుకునే యాప్‌ని చివరికి కూర్చేది అది కాదు, పాతదైపోయి దానికంత ఓపిక లేదు. అన్నీ ఇంటర్నెట్ మీద ఎక్కడో ఉన్న ఇంకో కంప్యూటర్‌కి పంపితే అది యాప్‌ని కూర్చి తిరిగి పంపుతుంది. దాన్ని బిల్డ్ అంటారట. ఆ కంప్యూటర్ నడిచేది లినక్స్ మీద. మనుషుల్లాగే వాటి అలవాట్లు కూడా వేరు వేరట. అవసరపు మాటలు పంపినప్పుడు అది ఏ పేచీ పెట్టలేదు. నిన్న సాయంత్రం రెండో విడత పంపితే మధ్యలో ఆగిపోయింది. తెర మీద అన్నీ ఎర్ర అక్షరాలు. ఫైలు పేరు మరీ పొడవుగా ఉంది అని ఇంగ్లీషులో ఉంది. ఏ ఫైలో చెప్పాల్సిన చోట తెలుగు లేదు. అంకెలూ ఏటవాలు గీతలూ వరసలు వరసలుగా ఉన్నాయి. అన్నిటికంటే పైనున్నది అన్నిటికంటే పొడుగు.

ఇక్కడ బాగానే ఆడుతోంది కదా అంటూ జెరూషా ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటే నొక్కింది. ఆయన గొంతు బొంగురుగానే అయినా స్పష్టంగా వస్తోంది. పక్కగదిలోంచి ఆయన, నేనింకా ఇక్కడే ఉన్నానర్రా, నన్నెందుకు అక్కడ మాట్లాడిస్తున్నారు అన్నారు. ఇద్దరం నవ్వాం. పోనీ పేరు నిజంగా పొడవేమో అని చూస్తే, రెండు రకాల కంప్యూటర్లకీ హద్దు రెండు వందల యాభై ఐదేనట. నేను కాగితం మీద గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కపెట్టాను. మన పొడుగు పేర్లు నూరు దాటి కొంచెం, అంతే. హద్దుకి సగం కూడా రావు. ఇక్కడ సరిపోయిన పేరు అక్కడ ఎందుకు పట్టదు?

ఈ పొద్దున తొందరలో ఇంకో తప్పు చేశాం. ప్రతి పేరునీ మొదటి నాలుగు మాటల దగ్గర కత్తిరించేసేలా జెరూషా చిన్న ప్రోగ్రాం రాసి నడిపింది. బిల్డ్ అయిపోయింది! మేమిద్దరం చేతులు పట్టుకుని గంతులేశాం. తర్వాత ఆయన ఫోన్ తీసుకుని, అలవాటు కొద్దీ, ఒక్కొక్క మాటా ఉందా లేదా అని చూడటం మొదలుపెట్టాను. రసం లేదు. వంతు లేదు. మాటలు సగానికి సగం లేవు. కారణం మీ అన్నయ్యే. నాతో ఏం చెప్పాలన్నా మేబెలూ నేను చెప్పేది విను అంటూ మొదలుపెట్టడం ఆయనకి అలవాటు కదా. నాలుగు మాటలకి కత్తిరించేసరికి ఆ ఫైళ్లన్నిటికీ ఒకటే పేరు వచ్చింది. ఒకదాని మీద ఒకటి పడి, ఆఖరిది ఒక్కటే మిగిలింది.

జెరూషా ల్యాప్‌టాప్ మూత వేసేసింది. అమ్మా, నేను నాన్నని చెరిపేశాను అంది.

డాక్టరు గారు గొంతుకి ఎక్కువ పని పెట్టొద్దన్నారు. అవన్నీ మళ్ళీ చెప్పించే వీలు లేదు. నేను వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది. రికార్డింగు అయిన ప్రతిసారీ ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో వేసి, బైబిలు పక్కన పెడుతూ వచ్చాను. తెచ్చి ఇచ్చాను. అన్నీ ఉన్నాయి, వాటి పొడుగు పేర్లతో సహా. జెరూషా నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. కానీ వచ్చింది మాత్రం మొదటికే. అవే పేర్లు, అవే ఎర్ర అక్షరాలు, ముంచుకొస్తున్న గురువారం.

ఆయన కాఫీ అడుగుతున్నారు. ఫోన్ బటన్‌తో కాదు, నోటితోనే. ఉత్తరం ఇక్కడ ఆపుతాను.

ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక

క్యారల్ సాయంత్రం వచ్చి ఉత్తరం తీసుకుంటానంది. ఈలోగా మిగతాది రాసేస్తాను.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఎర్ర అంకెల ముందు మళ్ళీ కూర్చున్నాం. లెక్క కుదరనప్పుడు పెద్ద మొత్తాన్ని పట్టుకుని వేలాడకూడదని నాకు ఇంటి పద్దులు రాసీ రాసీ తెలుసు. చిన్నదాంతో మొదలుపెట్టాలి. అందుకని, ఇవన్నీ పక్కన పెట్టి నీళ్లు అనే ఒక్క మాటకి ఆ కంప్యూటర్ ఏం అంకెలు వేస్తుందో చూపించవే అన్నాను. చూపించింది. నీళ్లు అని రాయడానికి గుణింతాలూ ఒత్తూ కలిపి ఆరు గుర్తులు కావాలి. తెర మీద గీతకొకటి చొప్పున సంఖ్యలు పద్దెనిమిది వచ్చాయి. ఇద్దరం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. మూడు రెట్లు.

జెరూషా నుదురు కొట్టుకుంది. తర్వాత నాకు తెలిసేలా చెప్పింది. రెండు బస్సులున్నాయి, రెండింటిలోనూ సీట్లు అన్నే. విండోస్ బస్సులో మన ఒక్కో గుర్తుకి ఒక్క సీటు. లినక్స్ బస్సులో ఇంగ్లీషు అక్షరానికి ఒక్క సీటే గానీ, మన తెలుగు గుర్తు ప్రతిదీ మూడేసి సీట్లు ఆక్రమిస్తుందట. కాబట్టి నూరు దాటిన పేరు మూడొందలు దాటిపోతుంది, తలుపు దగ్గరే దించేస్తారు. ఇంగ్లీషులో పేర్లు పెట్టేవాళ్లకి ఇది ఎప్పటికీ తగలదు, మా ఆఫీసులో అందరం ఇంగ్లీషులోనే పెడతాం, అందుకే నా బుర్రకి తట్టలేదు అంది. ఒక్కో వాక్యాన్నీ మొత్తంగా తెలుగులో పేరు పెట్టే మనిషి మా ఇంట్లో తప్ప ఎక్కడుంటుంది?

తప్పు తెలిసినందుకు సంతోషించాలి కదా. నాకు దిగులేసింది, ఇవాన్. ఎక్కినవేంటో, ఆగిపోయినవేంటో చూస్తే, నీళ్లు ఎక్కాయి, నొప్పి ఎక్కింది, దిండూ ఫ్యానూ ఎక్కాయి. ఆయన ఎగతాళి ఆగిపోయింది. కూతురి కోసం తలుపు దగ్గర నిలబడటం ఆగిపోయింది. మనిషి అడిగేవన్నీ పొట్టి మాటలు, మనిషి తను ఎవరో చెప్పే మాటలన్నీ పొడుగువి. ఆ కంప్యూటర్‌ని అలాగే వదిలేస్తే ఒక రోగి వచ్చేవాడు మా ఇంటికి, మీ అన్నయ్య రాడు.

ఇక బాగుచెయ్యడం. మా వీధి చివర పిండిమర ఉంది. అక్కడ డబ్బా మీద మన ఇంటి పేరూ, లోపల జొన్నలున్నాయా గోధుమలున్నాయా, బరకగా కావాలా మెత్తగా కావాలా, ఇదంతా రాయరు. మూత మీద ఒక టోకెను పెడతారు. సంగతంతా గల్లా దగ్గర కాగితంలో ఉంటుంది. మనమూ అలా చెయ్యకూడదా అన్నాను. జెరూషా, అలాగే చెయ్యాలమ్మా, అసలు మొదటే నేను చెయ్యాల్సిన పని అది అంది. ప్రతి ఫైలుకీ పేరు ఒక నంబరు మాత్రమే. ఆ నంబరు ఏ వాక్యమో లోపల ఒక పట్టికలో ఉంటుంది. పట్టికలో ఎంత పొడుగు రాసినా ఆ హద్దు అడ్డు రాదట. నంబర్లు వేసే పని మళ్ళీ ప్రోగ్రాంకి ఇస్తానంటే మాత్రం ఈసారి నేను ఒప్పుకోలేదు. ఒక్కొక్కటీ విని, పేరుతో సరిచూసి, నా చేత్తోనే వేశాను. చెవుల నిండా ఆయన గొంతే. ఆయన పక్కగదిలో నిద్రపోతుంటే లేచి వెళ్లి ఊపిరి చూసి వచ్చాను కూడా.

ఈ పొద్దున చర్చికి బయల్దేరే ముందు జెరూషా అన్నీ మళ్ళీ పంపింది. తెర మీద పసుపు చుక్క తిరుగుతూ ఉంది. నేను చీర కుచ్చిళ్లు పెట్టుకుంటూ కూడా అటే చూస్తున్నాను. తనేమో గోళ్లు కొరుక్కుంటోంది. మొన్న ఎర్ర అక్షరాలు వచ్చిన చోటికి వచ్చి, అక్కడ ఆగకుండా దాటింది. చుక్క పచ్చగా మారింది. ఆ మారిన తర్వాత కూడా నాకు నమ్మకం కలగలేదు. ఫోన్‌లో వేయించి, జాబితా పైనుంచి కిందికి చూసుకున్నాకే ఊపిరి తీసుకున్నాను.

ఫోన్ ఆయన చేతికిచ్చాం. నేను కాఫీ పోస్తుంటే తాపీగా ఒక బటన్ నొక్కారు. మేబెలూ నేను చెప్పేది విను, రసమంటే, అని ఫోన్ మొదలుపెట్టింది. కాఫీకి రసం తిట్లేంటండీ అని నేనన్నాను. లచ్చమ్మ చీపురు పట్టుకుని వచ్చి, సారూ మీరు నోరు మూసుకునే మాట్లాడుతున్రేంది అని అటూ ఇటూ చూసింది. ఆయన వెంటనే లచ్చమ్మ గొంతు పడ్డ మాట వెతికి నొక్కారు. తన గొంతు తనే విని, గిదేంది, నన్ను సుత డబ్బాల పెట్టిన్రా అని లచ్చమ్మ పడీ పడీ నవ్వింది. ఆయనా నవ్వారు. ఆ నవ్వు రికార్డు చెయ్యలేదని నాకు తర్వాత తట్టింది.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, నీకు తెలియకుండా ఇది జరిగిపోకూడదని. అత్తయ్య పోయినప్పుడు నీ బండి దారిలో ఆగిపోయింది. నువ్వు స్టేషన్ నుంచి నేరుగా సమాధుల తోటకి పరుగెత్తుకొచ్చేసరికి మట్టి వేస్తున్నారు. పాస్టరు గారికి ఇంకో చోట ప్రార్థన కూడిక ఉంది, అందుకే ఆగలేదు అని ఎవరో అన్నారు. నువ్వు నమ్మలేదు. అమ్మ ముఖం నేను చూసేదాకా ఆగలేకపోయావా అన్నయ్యా అని ఒక్కటే అడిగావు. ఆయన తల దించుకున్నారు. ఆ ప్రశ్నకి ఆయన ఇప్పటికీ జవాబు చెప్పలేదు. నీ కోపం అన్యాయమని నేను ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనను. రమ్మని కూడా బలవంతం చెయ్యడం లేదు. ఆయన్ని బుధవారం సాయంత్రం ఆసుపత్రిలో చేర్చుకుంటారని మాత్రం తెలియజేస్తున్నాను. మీ ఇద్దరి ప్రార్థనల్లో ఆయన్ని జ్ఞాపకం చేసుకోండి. ప్రిసిల్లా నడుంనొప్పి ఎలా ఉందో క్యారల్ చేత కబురు చెయ్యి. చలి మొదలైంది, మెడకి ఏదైనా చుట్టుకుని బయటికి వెళ్లు. మీ అన్నదమ్ములిద్దరికీ గొంతు విషయంలో అశ్రద్ధ.

మీ మేలు కోరే
వదిన
మేబెల్

తా.క. పైన ఒక సంగతి దాచాను. యాప్‌లో అన్ని మాటలూ ఉన్నాయని నీకు అనిపించేలా రాశాను. ఒకటి లేదు. ఎర్ర అక్షరాల్లో అన్నిటికంటే పైన, అన్నిటికంటే పొడుగ్గా ఉందన్నానే, ఆ ఫైలు. ఒకరోజు ఆయన నన్ను పనిగట్టుకుని రెజిమెంటల్ బజార్‌కి పంపి, తలుపు వేసుకుని ఒక్కరే దాన్ని చెప్పుకున్నారు. నేను తిరిగి రాగానే, దీనికి కూడా నువ్వే పేరు పెట్టు అని ఫోన్ నా చేతికిచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను విని, ఉన్నది ఉన్నట్టు టైపు చేశాను. ఇవానూ, ఆ రోజు అమ్మ పెట్టె మూయమన్నది పాస్టరు గారు కాదు, నేనే, అని మొదలవుతుంది. ఎందుకో కూడా చెప్పారు. అది నేను రాయను, రాయవలసింది నేను కాదు. ఆ ముందు రాత్రి కరెంటు పోయి, అత్తయ్యని ఉంచిన ఐస్ పెట్టె ఆగిపోయిందనీ, అది మే నెల అనీ మాత్రం చెప్తాను. ఆ సంగతి నీకెవరూ చెప్పి ఉండరు.

అన్నిటికీ నంబర్లు వేశాను, దానికి వెయ్యలేదు. ఒకటి తగ్గిందమ్మా అని జెరూషా అంది. ఏది తగ్గిందో తనకీ తెలుసు, ఇంకేమీ అడగలేదు. ఆ మాటకి బటన్ ఉంటే ఆయన దాన్ని నమ్ముకుని నోరు విప్పరు. అది పెన్‌డ్రైవ్‌లో భద్రంగానే ఉంది. బుధవారం ఆయన ఆసుపత్రిలో చేరేదాకా చూస్తాను. నువ్వు రాకపోతే దానికీ నంబరు వేసి ఫోన్‌లో పెట్టిస్తాను, ఆయన మాటని దాచేసే హక్కు నాకు లేదు. కానీ ఇవాన్, నీకు ఎదురుగా కూర్చుని చెప్పడానికి ఆయనకింకా గొంతు ఉంది. మంగళవారం సాయంత్రం బండెక్కితే బుధవారం పొద్దున దిగుతావు. స్టేషన్‌లో బోయిగూడ వైపు గేటు దగ్గర నేనుంటాను. బండి ఎంత ఆలస్యమైనా ఉంటాను.